అలల మీద నిలబడ్డ డ్యూక్

ఈసారి గోడ పత్రికకి నన్ను ఒక గొప్పవారి జీవితం రాయమన్నారు. గాంధీ తాత గురించి, అల్లూరి గురించి, కొమురం భీం గురించి అక్కవాళ్ళు ముందే రాసేశారు. అందుకని లైబ్రరీలో ఒలింపిక్స్ పుస్తకంలో కనిపించిన ఒకాయన గురించి రాస్తున్నాను. ఆయన పేరు డ్యూక్ కహానమోకు. ఆ పేరు పలకడానికే నాకు రెండు రోజులు పట్టింది.

ఆయన 1890 ఆగస్టు 24న హోనోలులు పట్నంలో పుట్టాడు. అది పసిఫిక్ మహాసముద్రం మధ్యలో హవాయి దీవుల్లో ఉంది. ఆయన అక్కడి మూలవాసి. మనకి అడవి ఎలాగో వాళ్ళకి సముద్రం అలాగ. ఆయన పుట్టినప్పుడు వాళ్ళకి సొంత రాజ్యం ఉండేది. 1893లో రాణిని దించేశారు. 1898లో హవాయిని అమెరికాలో కలిపేసుకున్నారు.

ఆయన తండ్రి పోలీసు. ఇంట్లో తొమ్మిది మంది పిల్లలు. డ్యూక్ హైస్కూలు పూర్తి చెయ్యలేదు. కానీ ఈతలో ఆయనకి సాటి లేదు. అక్కడి వాళ్ళు పూర్వం నుంచీ పైపో అనే చిన్న చెక్క పలక మీద బోర్లా పడుకుని అలతోపాటు ఒడ్డుకి వచ్చేవారు. మా శబరి ఏట్లో వరదకి కొట్టుకొచ్చిన దుంగ మీద మా అన్నవాళ్ళు పడుకుని తేలతారు, అలాగన్నమాట. పెద్ద పలకైతే దాని మీద నిలబడతారు. డ్యూక్ పలక పొడవు 16 అడుగులు, బరువు 52 కిలోలు. మన హాస్టలు బియ్యం బస్తా కంటే ఎక్కువ!

1911 ఆగస్టులో హోనోలులు ఓడరేవులో ఈత పోటీ పెట్టారు. డ్యూక్ 100 గజాలు 55.4 సెకన్లలో ఈదేశాడు. అప్పటి రికార్డు కంటే 4.6 సెకన్లు తక్కువ. అమెరికాలో ఉన్న సంఘం పెద్దలు ఒప్పుకోలేదు. మీ గడియారాలు తప్పన్నారు, సముద్రం నీరే తోసిందన్నారు.

ఇది చదివి నాకు ఏడుపొచ్చింది. కిందటేడు లెక్కల్లో నాకు 50కి 47 వస్తే ఒకరు నమ్మలేదు. పక్కపిల్ల పేపరు చూశానన్నారు. ఎవరో రాయను. మా అమ్మానాన్న వేలిముద్ర వేస్తారు, ఇంటికాడ చెప్పేవాళ్ళు లేరు, మరి ఇన్ని మార్కులు ఎలా వచ్చాయని వాళ్ళ అనుమానం. స్టడీ అవర్ అయిపోయాక వరండా లైటు కింద నేను చేసుకున్న లెక్కలు వాళ్ళు చూడలేదు కదా. ఆ రోజు నోరు పెగల్లేదు. కోపం వస్తే నాకు కోయలోనే మాటలొస్తాయి, తెలుగులో రావు.

డ్యూక్ కూడా ఎవరితోనూ గొడవ పడలేదు. హోనోలులు జనం చందాలు వేసుకుని ఆయన్ని అమెరికా పంపారు. 1912లో స్టాక్‌హోం ఒలింపిక్స్‌లో 100 మీటర్ల ఈతలో బంగారు పతకం తెచ్చాడు. 1920లో 30 ఏళ్ళ వయసులో ఆంట్వెర్ప్‌లో మళ్ళీ బంగారం గెలిచాడు. 1924లో పారిస్‌లో రెండో స్థానం వచ్చింది. మూడోవాడు ఆయన తమ్ముడు శామ్! ఇన్ని పతకాలు గెలిచినా అమెరికాలో కొన్ని హోటళ్ళలో ఆయన రంగు చూసి భోజనం పెట్టలేదు.

ఎక్కడికెళ్ళినా అలల మీద ఎలా నిలబడాలో చూపించేవాడు. ఆస్ట్రేలియా వెళ్ళినప్పుడు అక్కడి చెక్కతోనే పలక చేసి చూపించాడు. 1925 జూన్ 14న కాలిఫోర్నియా ఒడ్డు దగ్గర థెల్మా అనే పడవ బోల్తా పడింది. డ్యూక్ తన పలక మీద మళ్ళీ మళ్ళీ అలల్లోకి వెళ్ళి 8 మందిని కాపాడాడు. 17 మంది చనిపోయారు.

ఇంత పేరున్నా ఆయన పెట్రోలు బంకు నడుపుకున్నాడు. 1934లో హోనోలులు షెరీఫ్‌గా ఎన్నికయ్యాడు. షెరీఫ్ అంటే పోలీసు అధికారి లాంటి పదవి. 1968 జనవరి 22న 77 ఏళ్ళకి చనిపోయాడు. అస్థికలు సముద్రంలోనే కలిపారు. 1971లో టామ్ మోరే అనే ఆయన హవాయిలోనే మెత్తటి ఫోం పలక తయారు చేశాడు. దాని మీద బోర్లా పడుకుని ఆడే ఆటే బాడీబోర్డింగ్. పాత పైపోనే కొత్తగా వచ్చింది. 1990లో వైకీకీ ఒడ్డున డ్యూక్‌కి కంచు విగ్రహం పెట్టారు. జనం చేతులకి పూలదండలు వేస్తారు.

వచ్చే నెల మన అర్ధ సంవత్సరం పరీక్షలు. ఈసారి లెక్కల రోజు నన్ను మొదటి బెంచీలో ఒక్కదాన్నే కూర్చోబెట్టండి మేడం. నేను రాస్తాను.

తప్పులుంటే దిద్దండి, కాగితం చింపొద్దు.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని