శ్రీమతి మార్గరెట్టు కజిన్సు

పంజాగుట్ట మార్గమున బండ్ల రొద మిన్నుముట్టుచుండగా, ప్రతిదినము మన పాఠశాల ఆవరణమున బాలబాలికలు వరుసలు దీరి జాతీయగీతమును పాడుదురు. అది పాడుటకు పట్టు కాలము సుమారు 52 సెకండ్లు. దానిని రచించినవారు రవీంద్రనాథ ఠాకూరుగారని చిన్న తరగతులవారును ఎఱుగుదురు. కాని ఆ పాట వర్ణమెట్టును కాగితముపై స్వరములుగా వ్రాసి నిలిపిన కార్యమొకటి మన తెలుగునాట, మదనపల్లిలో జరిగినదనియు, ఆ పని చేసినది సంగీతవిద్యలో ఆరితేరిన ఐర్లండుదేశపు స్త్రీ యనియు ఎఱిగినవారు కొందఱే. ఆమె చరిత్రమును ఈ సంచికలో చదువరులకు విన్నవింపదలచితిమి.

మార్గరెట్టు గిలెస్పీ 1878వ సంవత్సరమున ఐర్లండులోని బాయిల్ అను చిన్న పట్టణమున, మెథడిస్టు కుటుంబమున జనించెను. పెక్కుమంది బిడ్డలు గల ఆ యింట ఈమెయే పెద్దది. అప్పటికి ఐర్లండు బ్రిటిషు రాజ్యమున నొక భాగము. ఆమె డబ్లిను నగరమున సంగీత మభ్యసించి, 1902లో ఐర్లండు రాయల్ విశ్వవిద్యాలయమున సంగీతపట్టమును పొందెను. మఱుసటి యేట జేమ్సు కజిన్సు అను కవిని వివాహమాడెను.

పియానో ముందు కూర్చుండి సుఖముగా కాలము గడుపవలసిన యీమె చెఱసాలకు పోయెనన్న చదువరులకు వింతగా తోచవచ్చును. ఆ దినములలో బ్రిటిషు దీవులందు పార్లమెంటు ఎన్నికలలో స్త్రీలకు ఓటు లేదు. 1908లో ఈమె హన్నా షీహీ స్కెఫింగ్టను మున్నగువారితో కూడి ఐర్లండు స్త్రీల ఓటుహక్కు సంఘమును స్థాపించెను. 1910లో లండనునందు మంత్రుల యిండ్ల కిటికీ అద్దములు పగులగొట్టినందుకు హాలోవే చెఱసాలలో ఒక నెల, 1913లో ఐర్లండునందలి టలమూరు చెఱసాలలో మఱియొక నెల గడపెను. అద్దములు పగులగొట్టుటను మేము విద్యార్థులకు నేర్పబోము. అయినను మర్యాదగా వ్రాసిన అర్జీలన్నియు ఎన్నో యేండ్లు బల్లసొరుగులలో పడియుండిన సంగతిని దాచుటయు న్యాయము కాదు.

1915లో దంపతులు మద్రాసునకు వచ్చిరి. జేమ్సుగారు మొదట అనీబిసెంటుగారి పత్రికలోను, పిదప మదనపల్లి కళాశాలలోను పనిచేసిరి. 1917లో మార్గరెట్టు మఱికొందఱితో కలిసి భారతస్త్రీసంఘమును నెలకొల్పెను. ఆ సంవత్సరాంతమున మద్రాసునకు వచ్చిన మాంటేగు మంత్రిని దర్శించి, హిందూదేశపు స్త్రీలకును ఓటుహక్కు కావలెనని విన్నవించిన స్త్రీలకు నాయకురాలు మన హైదరాబాదువారైన సరోజినీనాయుడుగారు. ఆ దర్శనమునకు వలసిన యేర్పాట్లు చేసినది మార్గరెట్టు. 1921లో మద్రాసు శాసనసభ స్త్రీలకు ఓటు నిచ్చెను.

ఇక మదనపల్లి సంగతి. ఆ కళాశాలకు అప్పుడు జేమ్సుగారు ప్రిన్సిపాలు. 1919 ఫిబ్రవరిలో దక్షిణదేశసంచారమున అలసిన రవీంద్రులు విశ్రాంతికై అచ్చటికి వచ్చిరి. విద్యార్థులు సాయంకాలము కూడి పాటలు పాడుకొనుట అచ్చటి వాడుక. ఒకనాడు రవీంద్రులును వారి నడుమ కూర్చుండి ఈ గీతమును వంగభాషలో పాడిరి. బాలురకు ఆ భాష రాకున్నను, ప్రతి చరణము తుదనున్న జయఘోషలో గొంతు కలిపిరట. రవీంద్రులు ఫిబ్రవరి 28న దానికి ఆంగ్లానువాదమును వ్రాసి యిచ్చిరి. మార్గరెట్టు వర్ణమెట్టును విని, పాశ్చాత్యపద్ధతిని అయిదు గీతల నడుమ స్వరములుగా వ్రాసెను. పిమ్మట అది ఆ కళాశాలకు ప్రాతఃకాలగీతమాయెను.

ఇది సులభమైన పనియని తలపరాదు. మన దేశపు పాట చెవినుండి చెవికి పోవునదే గాని పుస్తకమునుండి వచ్చునది కాదు. గొంతు ఒక స్వరమునుండి మఱియొక స్వరమునకు జాఱును; పియానో మెట్లు జాఱవు. మేమును ఒకప్పుడు ఆరాధనలో పాడు తెలుగు కీర్తన నొకదానిని ఆ అయిదు గీతలపై వ్రాసి, హార్మోనియముపై వాయించి చూపితిమి. చిన్ననాటినుండి ఆ కీర్తననే పాడుచున్న వృద్ధుడొకరు అది యే దేశపు పాటయని మమ్ము అడిగిరి! అట్టి అనుభవము కలిగినవారికే మార్గరెట్టు చేసిన పని విలువ తెలియును.

కొందఱు ఈ గీతమునకు వర్ణమెట్టు కట్టినది ఈమెయే యందురు. అది పొరపాటు. గీతము 1911 డిసెంబరు 27వ తేదీననే కలకత్తా కాంగ్రెసు సభలో పాడబడెను, వర్ణమెట్టు రవీంద్రులది. మార్గరెట్టు దానిని విన్నది, వ్రాసినది. లేని ఘనతను అంటగట్టినచో ఉన్న ఘనత మఱుగుపడును.

తరువాత ఆమె మంగుళూరున ఒక జాతీయ బాలికాపాఠశాలకు ప్రధానోపాధ్యాయినిగా నుండెను. కొలది యేండ్లకు మద్రాసు రాజధానిలో గౌరవ మేజిస్ట్రేటుగా నియమింపబడెను. దేశమున ఆ పదవి నొందిన తొలి స్త్రీలలో నామె యొకతె. 1927లో పూనాలో ప్రథమసమావేశము జరిపిన అఖిలభారత మహిళాసభకు మూలకారకురాలు ఈమెయే. 1932లో ప్రభుత్వపు కఠినశాసనములను ఖండించుచు మద్రాసున బహిరంగముగా మాటలాడినందుకు ఆమెకు ఒక సంవత్సరము శిక్ష పడెను. నేరస్థులను విచారించిన పూర్వపు మేజిస్ట్రేటు వెల్లూరు చెఱసాలలో ఖైదీగా నుండెను. చెఱ వీడిన పిదప 1935లో తూర్పుపడమరల సంగీతములను గూర్చి ఒక గ్రంథమును ప్రకటించెను.

1943 ప్రాంతమున ఆమెకు పక్షవాతము వచ్చెను. ఇరువురకును కూడబెట్టిన ధనము లేదు. 1949లో మద్రాసు ప్రభుత్వము ద్రవ్యసహాయము చేసెను. 1950 జనవరి 24న రాజ్యాంగసభ ఆ పాటను జాతీయగీతముగా అంగీకరించునాటికి ఆమె జీవించియే యుండెను. 1954లో కన్ను మూసెను. జేమ్సుగారు రెండేండ్లకు మదనపల్లిలోనే గతించిరి.