డెబియన్‌లో సగం పేరు: ఇయాన్ మర్డాక్

సెలవుల్లో పామూరులో ఇంటి దగ్గర కూర్చుని ప్రాజెక్ట్ రిపోర్ట్ రాద్దామని, కాలేజీలోనే టెక్ లైవ్ ఐఎస్ఓని పెన్‌డ్రైవ్‌లో వేసుకొచ్చా. ఇన్‌స్టాల్ బాగానే అయింది. తర్వాత ఒక ఎడిటర్ కావాలని ఆప్ట్‌ని అడిగితే, టెక్ లైవ్ ప్యాకేజీలన్నీ మళ్లీ దింపుతానంది. వందల ఎంబీ! ఫోన్‌లో ఆ రోజుకి మిగిలిన డేటా చూసుకుని నో కొట్టేశా. ఎదురుగా ఉన్నది దీనికెందుకు కనపడదని తిట్టుకుంటూ వెతికితే ఇయాన్ మర్డాక్ దగ్గర తేలాను.

1973 ఏప్రిల్ 28న అప్పటి పశ్చిమ జర్మనీలోని కాన్‌స్టాంజ్‌లో పుట్టాడు. అమెరికాలో పర్డ్యూ యూనివర్సిటీలో చదివాడు. అప్పట్లో దొరికే ఎస్ఎల్ఎస్ అనే లినక్స్ బగ్గుల పుట్ట. విసుగొచ్చి, 1993 ఆగస్టు 16న తానే కొత్తది చేస్తున్నానని ప్రకటించాడు. వయసు 20. మన థర్డ్ ఇయర్ అన్నమాట! గర్ల్‌ఫ్రెండ్ డెబ్రా పేరు, తన పేరు కలిపి డెబియన్ అన్నాడు. తర్వాత పెళ్లి చేసుకున్నారు, విడిపోయారు. పేరు మాత్రం అలాగే ఉంది.

1994లో డీపీకేజీని మొదట షెల్ స్క్రిప్ట్‌గా రాసింది ఇతనే. తర్వాత దాన్ని సీలో రాసినవాడు ఇయాన్ జాక్సన్. ఇద్దరూ ఒకరేనని నేను చాలాసేపు పొరబడ్డా. డీపీకేజీకి ఒక చిట్టా ఉంటుంది: ఏ ప్యాకేజీ, ఏ వెర్షన్, దేనిమీద ఆధారపడింది. డిపెండెన్సీ ఉందా లేదా అని అది డిస్క్‌ని వెతకదు, చిట్టానే చూస్తుంది. మనిషి డిపో ముందు నిలబడ్డా కార్డులో పేరు లేకపోతే బియ్యం రానట్టే. నేను చేత్తో వేసిన టెక్ లైవ్ ఆ చిట్టాలో ఎక్కలేదు.

దీనికి ఈక్వివ్స్ ఉంది. లోపల ఏమీ లేని ఉత్తుత్తి ప్యాకేజీ తయారుచేసి, ప్రొవైడ్స్ వరుసలో ఉన్నవాటి పేర్లు రాస్తే చిట్టాలో ఎక్కుతాయి. మొదటిసారి వెర్షన్ రాయలేదు, ఎడిటర్ ఒప్పుకోలేదు. వెర్షన్ కూడా రాశాక ఎడిటర్ ఒక్కటే దిగింది. అయితే ఒక తిరకాసు: రేపు నేను టెక్ లైవ్ ఫోల్డర్ తీసేసినా చిట్టా ఉందనే అంటుంది. అబద్ధం రాసింది నేనే కాబట్టి గుర్తుపెట్టుకోవాల్సిందీ నేనే.

మర్డాక్ 1996లో డెబియన్ పగ్గాలు బ్రూస్ పెరెన్స్‌కి ఇచ్చేశాడు. ప్రోజెనీ అనే కంపెనీ పెట్టాడు. 2007లో సన్‌లో చేరి, సొలారిస్‌కి కూడా లినక్స్ తరహా ప్యాకేజీ పద్ధతి తెచ్చే పనిలో పడ్డాడు. చివరి ఉద్యోగం డాకర్‌లో, అంటే ప్రోగ్రామ్‌తో పాటు దాని డిపెండెన్సీలన్నీ మూటగట్టి పంపేచోట. 2015 డిసెంబర్ 28న శాన్‌ఫ్రాన్సిస్కోలో, 42 ఏళ్లకే చనిపోయాడు. 2017 జూన్‌లో వచ్చిన డెబియన్ 9ని అతనికే అంకితమిచ్చారు.