పట్టుచీర తాకట్టు పెట్టిన అమ్మ, వేషాలు కట్టిన కొడుకు

ఆంధ్రకేసరి అనగానే మనకి తుపాకికి రొమ్ము చూపించిన మనిషి గుర్తొస్తాడు. పిల్లల పుస్తకాల్లో అదే బొమ్మ, కూడలిలో విగ్రహమూ అదే. నాకు మాత్రం ఆయన పేరు వినగానే ఒంగోలు వీధుల్లో పుస్తకాలకన్నా నాటకాల మీదే ఎక్కువ ధ్యాస పెట్టుకుని తిరిగిన ఒక పూటకూళ్ళమ్మ కొడుకు కనిపిస్తాడు. ఈ ఊళ్ళో పుట్టి పెరిగినదాన్ని కదా, మా ఇళ్ళల్లో ప్రకాశం పంతులుగారి కథ ఆ వైపు నుంచే మొదలయ్యేది.

1872 ఆగస్టు 23న వినోదరాయునిపాలెంలో పుట్టాడు ప్రకాశం. తండ్రి గోపాలకృష్ణయ్య, తల్లి సుబ్బమ్మ. పిల్లవాడికి పదకొండేళ్ళు వచ్చేసరికి తండ్రి పోయాడు. ఇల్లు గడిచే దారి లేదు. సుబ్బమ్మగారు పిల్లల్ని తీసుకుని ఒంగోలు వచ్చి పూటకూళ్ళ ఇల్లు పెట్టింది.

ఇప్పటి అమ్మాయిలకు ఆ మాట బరువు తెలియదు. ఇవాళ కర్రీ పాయింటు పెట్టుకున్న ఆవిడని అందరం మెచ్చుకుంటాం, ఫొటో వేసి మరీ రాస్తాం. ఆ రోజుల్లో పూటకూళ్ళంటే చులకన. డబ్బు తీసుకుని అన్నం పెట్టడమా అని బుగ్గలు నొక్కుకునేవాళ్ళు. గురజాడవారి కన్యాశుల్కంలో పూటకూళ్ళమ్మ పాత్రని చూస్తేనే తెలుస్తుంది లోకం ఆ పని చేసే ఆడవాళ్ళని ఎలా చూసేదో. మొగుడు పోయిన మనిషి, బ్రాహ్మణ కుటుంబం, పైగా పదిమంది మగవాళ్ళు వచ్చి తినిపోయే ఇల్లు. నలుగురూ ఏమంటారో ఆవిడకు తెలియక కాదు. పిల్లల చదువు ముందు ఆ మాటలన్నీ ఆవిడ పక్కన పెట్టేసింది.

కట్టెల పొయ్యి మీద వంట. గ్యాసు లేదు, మిక్సీ లేదు. పచ్చడి కావాలంటే రోలు, పొడి కావాలంటే రోకలి. విస్తళ్ళు కుట్టుకోవాలి, నీళ్ళు మోసుకోవాలి. నలుగురికి వండితేనే మనకి సాయంత్రానికి నడుం పట్టేస్తుంది. రోజూ ఊరివాళ్ళకి రెండు పూటలా వండటం అంటే ఏమిటో వంటింట్లో నిలబడిన వాళ్ళెవరికైనా వేరే చెప్పక్కర్లేదు.

ఇంత కష్టపడుతుంటే పిల్లాడు బుద్ధిగా చదువుకున్నాడా అంటే, అదీ లేదు. అల్లరి, ఆకతాయి సావాసాలు. ఇవన్నీ ఆయనే తన జీవితకథలో దాచుకోకుండా రాసుకున్నాడు. దానికి తోడు నాటకాల పిచ్చి ఒకటి పట్టుకుంది.

అదృష్టం ఏమిటంటే, ఆ పిచ్చి పట్టించినది ఒక మాస్టారు. ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారని మిషన్ బడిలో పాఠాలు చెప్పేవారు. ఆయనకి చదువు ఎంతో నాటకమూ అంతే. ప్రకాశంలో చురుకు కనిపెట్టి చేరదీశాడు. లెక్కలు చెప్పిన చేత్తోనే వేషమూ కట్టించాడు. ఆడవేషం, మగవేషం రెండూ వేసేవాడు ప్రకాశం. తర్వాత్తర్వాత సైమన్ కమిషన్‌ని ఎదిరించిన మనిషి చిన్నప్పుడు చీర కట్టి, జడ వేసుకుని రంగం మీదికి వచ్చాడంటే మా మనవరాలు నమ్మలేదు. నవ్వింది కూడా.

ఆ కాలంలో అది మామూలే. గౌరవస్తుల ఆడవాళ్ళు నాటకాల్లో వేయడానికి లేదు కనుక మగపిల్లలే ఆ వేషాలు కట్టేవాళ్ళు. ఆ తర్వాతి తరంలో మన పక్కనున్న బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావుగారు సత్యభామగా వస్తే ఆడవాళ్ళే నడక నేర్చుకునేలా ఉండేదని పెద్దలు చెప్పేవారు. ఆయనకి 1956లో పద్మశ్రీ ఇచ్చారు. ఒక్క సురభి వాళ్ళు మాత్రం తమ ఇంటి ఆడపడుచుల్నే రంగం మీదికి తెచ్చారు. వాళ్ళ ధైర్యం గురించి విడిగా రాయాలి, ఇంకోసారి ఎప్పుడైనా.

ఈ మాటలన్నీ ఇప్పుడెందుకు వచ్చాయో చెబుతాను. మా మనవరాలు తొమ్మిదో తరగతి. వాళ్ళ బడి పేరు ఎందుకులెండి. జిల్లా పోటీలకని పన్నెండుమంది పిల్లలు మా డాబా మీద సాయంత్రాలు డాన్సు నేర్చుకుంటున్నారు. జంటలు జంటలుగా అడుగులు కలపాలి, ఒకరి కాలు ఒకరు తొక్కకూడదు. మొదటి వారం తొక్కుళ్ళే తొక్కుళ్ళు! మూడో వారానికి నేను పచ్చిమిరపకాయలు ఎండబెట్టుకోవడానికి పైకి వెళ్తే తాళం తప్పకుండా తిరుగుతున్నారు. అప్పుడే ఇద్దరు తండ్రులు వచ్చారు. వచ్చే ఏడు టెన్తు, ఈ గంతులెందుకని పిల్లల్ని మాన్పించి తీసుకుపోయారు. అందులో ఒక పిల్లవాడిని అంతకుముందే తోటివాళ్ళు ఆడంగి అని ఏడిపించారట. జంట విడిపోయిన ఆడపిల్లలిద్దరూ మెట్ల మీద కూర్చుని ఏడ్చారు. ఒక తల్లి నాతో, మాకు మాత్రం ఆడించాలని ఉండదా పిన్నిగారూ, ఫీజులు ఎంత కడుతున్నామో మీకు తెలుసుగా అంది. ఆవిడ మాటా కొట్టిపారేసేది కాదు.

ఫీజు అంటే సుబ్బమ్మగారి సంగతే చెప్పాలి. ప్రకాశానికి పరీక్ష ఫీజు కట్టాల్సి వచ్చింది. మూడు రూపాయలు. ఇంట్లో లేవు. బావగారు ఇస్తాడేమోనని పిల్లవాడు అద్దంకి వెళ్ళాడు. ఒంగోలు నుంచి అద్దంకి ఎంత దూరమో మన వైపు వాళ్ళకి తెలుసు, బస్సులో వెళ్ళినా గంట పడుతుంది. అంత దూరం పోయినా ఉత్త చేతులతోనే తిరిగొచ్చాడు. అప్పుడు ఆవిడ తన పట్టుచీర తాకట్టు పెట్టి మూడు రూపాయలు తెచ్చింది. వంటలు చేసుకుని బతికే మనిషికి పట్టుచీర ఎన్ని ఉంటాయి చెప్పండి?

నాయుడుగారు రాజమండ్రి వెళ్తూ ప్రకాశాన్నీ వెంటబెట్టుకుపోయారు. కన్నకొడుకుని ఒక నాటకాల మాస్టారి వెంట పంపించడానికి తల్లి ఒప్పుకుందంటే ఆయన మీద ఎంత నమ్మకమో. అక్కడ నాయుడుగారి నాటక సమాజానికి చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు నాటకాలు రాసిచ్చేవారు. గయోపాఖ్యానం అలా వచ్చిందే. అందులో ప్రకాశమూ వేషం వేశాడు. వేషాలు వేస్తూనే ఎఫ్.ఏ. గట్టెక్కాడు, మద్రాసు వెళ్ళి ప్లీడరు పరీక్ష ప్యాసయ్యాడు. రాజమండ్రిలో ప్రాక్టీసు పెట్టి ముప్ఫై దాటిన కొద్దికాలానికే పురపాలక సంఘానికి చైర్మన్ అయ్యాడు. జనం ముందు నిలబడి గొంతెత్తి, ఎదుటివాడి కళ్ళలోకి చూసి మాట్లాడటం లా పుస్తకాల్లో ఉండదు. అది ఆయనకి రంగస్థలం మీద అబ్బిందని నా నమ్మకం.

1904లో బారిస్టరు చదువుకి ఇంగ్లండు వెళ్ళేటప్పుడు మాంసం, మందు, పొగ ముట్టనని తల్లికి మాటిచ్చి వెళ్ళాడు. 1907లో తిరిగొచ్చి మద్రాసులో ప్రాక్టీసు పెట్టాక డబ్బు వర్షంలా కురిసింది. 1921లో ఆ ప్రాక్టీసూ వదిలేసి స్వరాజ్య పత్రిక పెట్టి సంపాదనంతా అందులో పోశాడు. దేశం కోసమే, కాదనను. కానీ ఆ ఇంటి ఇల్లాలు హనుమాయమ్మగారు ఆ రోజుల్లో ఎలా నెట్టుకొచ్చిందో ఏ చరిత్ర పుస్తకమూ వివరంగా రాయలేదు. పెద్దవాళ్ళ త్యాగాల్లో సగం భార్యలవే, లెక్క మాత్రం మగవాళ్ళ ఖాతాలో పడుతుంది.

తక్కినది అందరికీ తెలిసిందే. 1928లో మద్రాసు వీధిలో తుపాకుల ముందు రొమ్ము విప్పి నిలబడ్డాడు. 1946లో మద్రాసు రాష్ట్ర ప్రధాని అయ్యాడు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి అయి, ఏడాది దాటిన కొద్దిరోజులకే మద్యనిషేధం గొడవలో పదవి పోగొట్టుకున్నాడు. బెజవాడ బ్యారేజీకి ఆయన పేరు పెట్టారు. 1972లో మా జిల్లాకీ పెట్టారు.

నేను మాత్రం ఆ మాన్పించిన తండ్రుల్లో ఒకాయన ఇంటికి వెళ్ళి ఈ కథంతా చెప్పాను. పూటకూళ్ళ సంగతీ, ఆడవేషాల సంగతీ విడమరిచే చెప్పాను. ఆయన కాఫీ అయితే ఇచ్చాడు గానీ ఔననీ కాదనీ అనలేదు. వాళ్ళబ్బాయి తలుపు చాటు నుంచి వింటున్నాడు. మర్నాడు డాబా మీదికి వచ్చాడు, అరగంటే ఉండి వెళ్ళిపోయాడు. పోటీలు ఇంకా మూడు వారాలున్నాయి.

1957 వేసవిలో, ఎనభై నాలుగేళ్ళ వయసులో ప్రకాశం పంతులుగారు ఒంగోలు దగ్గర హరిజనవాడలు తిరుగుతున్నారు. మే నెల మన ఎండలు మీకు తెలియనివి కావు. వడదెబ్బ తగిలింది. హైదరాబాదు ఆసుపత్రికి తీసుకెళ్ళారు. మే 20న అక్కడే పోయారు. చనిపోయేనాటికి చెప్పుకోదగ్గ ఆస్తి ఏమీ మిగుల్చుకోలేదు.