సోమరి వాయువును పట్టిన సర్ విలియం రామ్సే

టిగ్ వెల్డింగు చేసిన మన సభ్యులకు ఆర్గాన్ సిలిండరు పాత నేస్తమే. టంగ్‌స్టన్ మొన దగ్గర ఆర్కు వెలుగుతున్నంతసేపూ కరిగిన ఉక్కుకు గాలి తగలకుండా కాచేది ఆ వాయువే. దాన్ని పట్టుకున్న ఇద్దరిలో ఒకరైన రామ్సే గారిని గురించి నాలుగు మాటలు రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

ఆయన 1852లో గ్లాస్గోలో పుట్టారు. 1887 నుంచి లండన్ యూనివర్సిటీ కాలేజీలో రసాయనశాస్త్ర ఆచార్యులు. ఆ రోజుల్లో లార్డ్ రేలీ ఒక వింత గమనించారు. గాలి నుంచి తీసిన నైట్రోజన్, రసాయనాల నుంచి తీసినదానికన్నా సుమారు అర శాతం ఎక్కువ తూగుతోంది. తూకంలో పొరపాటని ఎవరైనా వదిలేసేవారే. రామ్సే వదలలేదు. ఎర్రగా కాల్చిన మెగ్నీషియం మీదుగా ఆ నైట్రోజన్‌ను మళ్ళీ మళ్ళీ పంపారు. నైట్రోజన్ అంతా లోహంలో కలిసిపోగా, చివరికి కొద్దిపాటి వాయువు మిగిలింది. 1894లో ఇద్దరూ కలిసి ప్రకటించారు. దేనితోనూ కలవదు గనుక గ్రీకులో సోమరి అనే అర్థం వచ్చేలా ఆర్గాన్ అని పేరు పెట్టారు. మెండలీఫ్ అంతటివారే అది కొత్త మూలకమని మొదట నమ్మలేదు. తర్వాత హీలియం, శిష్యుడు ట్రావర్స్‌తో కలిసి నియాన్, క్రిప్టాన్, జినాన్ కూడా రామ్సే చేతికే చిక్కాయి. 1904లో నోబెల్ బహుమతి వచ్చింది.

మన వైపు వారితో ఆయనకు ఇంకో చుట్టరికం ఉంది. జంషెట్జీ టాటా తలపెట్టిన విజ్ఞాన సంస్థ విషయమై సలహా చెప్పడానికి 1900లో మన దేశం వచ్చి, ఊళ్ళు తిరిగి చూసి, బెంగుళూరును సిఫారసు చేశారు. గుంతకల్లులో రాత్రి బండెక్కితే తెల్లారేసరికి దిగే ఊరు! ఆ సంస్థకు మొదటి డైరెక్టరు ట్రావర్సే.

రామ్సే 1916లో కన్నుమూశారు. టంగ్‌స్టన్ ఆర్కుకు ఈ జాతి వాయువుల కాపు 1940ల మాట. ఆయన చూడలేదు.

ఆర్గాన్‌కూ ఒక లోపముంది, పెనెట్రేషన్ తక్కువ. స్టెయిన్‌లెస్ స్టీలు ప్లేటు మందం 3 మిల్లీమీటర్లు దాటితే ఒక్క పాసులో అడుగుదాకా దిగడం కష్టం. అంచులు చెక్కి పాసు మీద పాసు వేయాల్సిందే. 1960లలో కీవ్‌లోని పాటన్ సంస్థవారు పలుచగా ఫ్లక్సు పూత రాసి వెల్డు చేస్తే లోతు బాగా పెరుగుతుందని చూపారు. పూత వల్ల కరిగిన లోహం అంచులకు పారకుండా నడుమకు వచ్చి కిందికి దిగుతుంది. కల్పాక్కంలోని ఇందిరాగాంధీ అణు పరిశోధన కేంద్రం కూడా ఇలాంటి పూతలు తయారుచేసింది.

ఈ పనిలో ఉన్న మన పిల్లలకు ఒక మాట. ఆర్గాన్‌కు రంగు లేదు, వాసన లేదు, గాలికన్నా బరువు. ట్యాంకుల్లో, గుంటల్లో అడుగున నిలిచి ప్రాణవాయువును తోసేస్తుంది. లోపలికి దిగి వెల్డు చేసేటప్పుడు గాలి ఆడే ఏర్పాటు ఉండాలి, పైన ఒక మనిషి కాపలా ఉండాలి.