గాజుకు వెలుగద్దిన ఖగోళవేత్త వేణు బప్పు

భారత ఖగోళశాస్త్రానికి ఆధునిక రూపమిచ్చిన మహనీయులలో వేణు బప్పు అగ్రగణ్యులు. ఆయన 1927 ఆగస్టు 10న మద్రాసులో జన్మించారు. పూర్వీకులది కేరళలోని తలశ్శేరి. తండ్రి హైదరాబాదు నిజామియా వేధశాలలో ఉద్యోగి కావడంతో విద్యాభ్యాసం అక్కడే సాగింది. నేటి చంద్రపూర్ జిల్లాలోని రాజురా సైతం ఆనాడు హైదరాబాదు సంస్థానంలోనిదే.

ఉన్నత విద్యకై హార్వర్డ్ చేరిన బప్పు 1949లో ఒక తోకచుక్కను కనుగొన్నారు. దానికి ఆయన పేరు, సహచరులు బోక్, న్యూకిర్క్‌ల పేర్లు కలిపి పెట్టారు. నక్షత్రాల నిజకాంతిని అంచనా వేయడానికి తోడ్పడే విల్సన్-బప్పు సూత్రం 1957లో వెలువడింది. విదేశాలలో అవకాశాలున్నా స్వదేశానికి తిరిగివచ్చి నైనిటాల్ వేధశాలకు రూపకల్పన చేశారు. 1960లో కొడైకెనాల్ వేధశాల సంచాలకులయ్యారు. తమిళనాడులోని జవ్వాది కొండలలో కావలూరు కేంద్రాన్ని నెలకొల్పారు.

పెద్ద దూరదర్శినిని దేశంలోనే తయారుచేయాలన్నది ఆయన సంకల్పం. 2.34 మీటర్ల అద్దపు దిమ్మె జర్మనీ నుంచి వచ్చినా, దానిని అరగదీసి మెరుగుపెట్టినది మనవారే. అయితే ఎంత నునుపు చేసినా గాజు తనంతట తాను నక్షత్రకాంతిని చాలినంతగా ప్రతిఫలించదు. దానిపై వెంట్రుక మందంలో కొన్ని వందలవ వంతు కూడా లేని అల్యూమినియం పొర అవసరం. ముందుగా అద్దాన్ని రసాయనాలతో కడిగి, గాలి తొలగించిన గదిలో ఉంచుతారు. వేడికి ఆవిరైన అల్యూమినియం గాజుపై పొరగా పేరుకొంటుంది. గాజు ఉపరితలంలోని ఆక్సిజన్‌తో అల్యూమినియం రసాయన బంధం ఏర్పరచుకొంటుంది కనుక పొర గట్టిగా అంటుకొంటుంది. బంగారానికి ఆ గుణం లేనందున అది సులువుగా ఊడిపోతుంది. అందుకే బంగారు పూతకు ముందు క్రోమియం పొర వేస్తారు. వేలిముద్రలోని జిడ్డు మిగిలినా చాలు, అల్యూమినియం సైతం అక్కడ పెచ్చులూడుతుంది. ఎన్నేళ్ల శ్రమ అయినా చివరికి ఆ పలుచని పొర పట్టుపైనే ఆధారపడుతుంది. అదీ శాశ్వతం కాదు. పొర మసకబారినప్పుడు తొలగించి మళ్లీ కొత్తగా వేయాలి.

1979లో బప్పు అంతర్జాతీయ ఖగోళ సమాఖ్య అధ్యక్షులుగా ఎన్నికయ్యారు. ఆ పదవిలో ఉండగానే, గుండె శస్త్రచికిత్స అనంతరం 1982 ఆగస్టు 19న మ్యూనిక్‌లో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయస్సు 55 ఏళ్లు. తాను కలగన్న దూరదర్శిని పూర్తికావడం ఆయన చూడలేకపోయారు. సహచరులు ఆ పనిని ఆపలేదు. 1986లో నాటి ప్రధాని రాజీవ్ గాంధీ దానిని జాతికి అంకితం చేశారు. వేధశాలకు, దూరదర్శినికి బప్పు పేరే పెట్టారు.