ఫ్లాస్కు నుండి రాకెట్టు దాకా: జేమ్స్ డ్యూవార్ జీవితం

ఫ్లాస్కు చూడని వాళ్ళు మనలో ఎవరూ ఉండరు. రాంగోపాల్‌పేట్ బజారులో కొన్నా, మన ఊరి సంతలో కొన్నా, దాన్ని మొదట తయారుచేసింది జేమ్స్ డ్యూవార్ అనే శాస్త్రవేత్త.

ఆయన 1842 సెప్టెంబర్ 20న స్కాట్లాండ్‌లో పుట్టారు. పదేళ్ళప్పుడు మంచు పలక విరిగి నీళ్ళలో పడ్డారు. పెద్ద జబ్బు చేసింది. చాలా కాలం బడికి పోలేదు. ఊరి వడ్రంగి దగ్గర వయొలిన్లు చేయడం నేర్చుకున్నారు. పదిహేనేళ్ళకే అమ్మానాన్నలు పోయారు. అయినా చదువు మానలేదు. 1877లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ప్రొఫెసర్ అయ్యారు.

గాలిని బాగా చల్లబరిస్తే నీళ్ళలాగా ద్రవం అవుతుంది. కాని గిన్నెలో పోస్తే బయటి వేడికి మరిగి ఎగిరిపోతుంది. వేడి వచ్చే దారులు మూడు: వహనం, సంవహనం, వికిరణం. 1892లో డ్యూవార్ గాజు సీసాలో ఇంకో సీసా పెట్టి, రెంటి మధ్య గాలి తీసేశారు. శూన్యంలో మొదటి రెండు దారులు మూతబడ్డాయి. గాజుకు వెండి పూత పూస్తే వికిరణం కూడా చాలావరకు వెనక్కి పోయింది. వయొలిన్లు చేసిన చేతులకు ఈ సున్నితమైన పని కష్టం కాలేదు.

1898లో హైడ్రోజన్‌ను కూడా ద్రవంగా మార్చారు. అది మైనస్ 253 డిగ్రీల చల్లదనం! ఆ ప్రయోగాల్లో పేలుళ్ళు జరిగి ఇద్దరు సహాయకులకు చెరొక కన్ను పోయింది. శాస్త్రం ఊరికే రాలేదు.

ఫ్లాస్కు మీద ఆయన పేటెంట్ తీసుకోలేదు. 1904లో జర్మనీ వాళ్ళు థర్మాస్ అని పేరు పెట్టి అమ్మారు. కోర్టుకు పోయినా ఓడిపోయారు. నోబెల్ కూడా రాలేదు. 1923 మార్చి 27న చనిపోయారు.

కాని ఆయన పని ఆగలేదు. 2014 జనవరి 5న మన శ్రీహరికోట నుండి జి.ఎస్.ఎల్.వి. రాకెట్టు మన దేశంలోనే చేసిన క్రయోజెనిక్ ఇంజనుతో విజయవంతంగా ఎగిరింది. దాని ఇంధనం ఆ ద్రవ హైడ్రోజనే. రాకెట్టుకు బరువు పనికిరాదు. అందుకే ట్యాంకుకు ఫ్లాస్కులాగా రెండు గోడలు కాక, తేలికైన నురుగు పొర తొడుగుతారు. అంతరిక్షంలో శూన్యం ఊరికే దొరుకుతుంది. అక్కడ ఎక్కువ కాలం ఉండే ట్యాంకులకు మెరిసే పలుచని రేకులు వరుసగా చుడితే చాలు, డ్యూవార్ వెండి పూత చేసిన పనే అవి చేస్తాయి.

డబ్బు ఇతరులకు పోయింది. తెలివి మాత్రం అందరికీ మిగిలింది. చేతిపని వచ్చినవాళ్ళు దాన్ని చిన్నచూపు చూడకండి!