ఒంగోలు క్లౌ దొర: కాలువ తవ్వించిన సర్వేయరు



మన కోస్తా తీరం వెంట సముద్రానికి సమాంతరంగా ఒక పాత కాలువ ఉంది. పేరు బకింగ్‌హాం కాలువ. పెద్దగంజాం నుంచి మద్రాసు మీదుగా తమిళనాడులోని మరక్కాణం దాకా సుమారు 420 కిలోమీటర్లు సాగుతుంది. రైళ్ళూ లారీలూ పెరగక ముందు ఉప్పు, వంటచెరకు, ధాన్యం పడవల మీద ఈ దారినే వెళ్ళేవి. ఈ కాలువలో మూడున్నర మైళ్ళు, అంటే దాదాపు 5.6 కిలోమీటర్ల ముక్కను గుత్తకు తీసుకుని తవ్వించినది ఒక క్రైస్తవ మిషనరీ. ఆయనే జాన్ ఎవరెట్ క్లౌ. మతబోధకుడికి కాలువ గుత్త ఎందుకు? ఈ వ్యాసంలో చెప్పబోయేది అదే.

క్లౌ 1836 జూలై 16న అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టారు. కుర్రతనంలోనే మిన్నెసోటా అడవుల్లో ప్రభుత్వ సర్వే బృందంలో చేరి, గొలుసు పట్టి భూమి కొలిచే పని నేర్చుకున్నారు. మొదట్లో ఆయనకు మతం మీద ఆసక్తి లేదు, లాయరు కావాలని కోరిక. చదువుకునే రోజుల్లో మనసు మారింది. 1864 చివర బోస్టన్‌లో ఓడ ఎక్కి, 1865లో నెల్లూరు చేరారు. మరుసటి ఏడు భార్య హ్యారియట్‌తో కలిసి ఒంగోలులో కాపురం పెట్టారు. ఒంగోలు అప్పట్లో నెల్లూరు జిల్లాలో ఉండేది.

ఒంగోలులో బడి తెరిస్తే అగ్రవర్ణాల పిల్లలు చేరారు. ఊరి పెద్దల ఆదరణ దొరికింది. అదే కాలంలో తాళ్ళకొండపాడుకు చెందిన యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ కులస్థుడు క్లౌని కలిశాడు. తోళ్ళ వ్యాపారం చేస్తూ, యోగసాధన కూడా నేర్చిన మనిషి ఆయన. తాను నమ్మినదాన్ని పల్లె పల్లెకూ తీసుకువెళ్ళింది పేరయ్యే. ఒంగోలు చుట్టుపక్కల వచ్చిన పెద్ద మార్పుకు తొలి అడుగు వేసింది దొర కాదు, మన తెలుగువాడేనని పిల్లలు గుర్తుంచుకోవాలి.

అప్పుడు చిక్కు వచ్చిపడింది. మాదిగలను చేర్చుకుంటే మా పిల్లలను బడికి పంపమని పెద్దలు పట్టుబట్టారు. ఆ రోజుల్లో మాదిగలను అంటరానివారని ఊరి బయటే ఉంచేవారు. వారికి బావి లేదు, బడి లేదు. ఇటు ఊరి పెద్దల అండ, అటు ఎవరూ దగ్గరికి రానివ్వని పేదలు. క్లౌ దంపతులు పేదల పక్షాన నిలిచారు. అగ్రవర్ణాల పిల్లలు బడి వదిలి వెళ్ళిపోయారు. 1867 జనవరి 1న ఒంగోలులో సంఘం మొదలైనప్పుడు అందులో ఉన్నది ఎనిమిది మంది మాత్రమే!

తరువాత 1876లో మహా కరువు వచ్చింది. ధాత నామ సంవత్సరం కాబట్టి మన పెద్దలు దాన్ని ధాత కరువు అన్నారు. మద్రాసు రాజధానిలో లక్షల మంది ఆకలికీ, కలరాకూ బలయ్యారు. ప్రభుత్వం కరువు పనులు పెట్టింది కానీ, అక్కడ కూడా అంటరానివారికి అవమానాలు తప్పలేదు. క్లౌ పాత సర్వే విద్య అప్పుడు అక్కరకు వచ్చింది. కాలువలో ఒక ముక్కను తానే గుత్తకు తీసుకుని, తన తెలుగు బోధకులనే మేస్త్రీలుగా పెట్టారు. కొట్టేవాడూ, తిట్టేవాడూ లేకుండా పేదవాడు పని చేసి కూలి తీసుకున్నాడు. సబ్హాన్‌లో ఫ్యాక్టరీలూ, వర్క్‌షాపులూ చూసిన మన పిల్లలకు దీని విలువ తెలుసు. పని ఇవ్వడం ఒక ఎత్తు, పనివాడిని మనిషిగా చూడడం మరో ఎత్తు.

ఇంకో సంగతి. కరువు రోజుల్లో మతంలో చేరతామని జనం గుంపులుగా వచ్చారు. కూలి కోసం, గింజల కోసం మతం మారారన్న మాట ఎవరి మీదా పడకూడదని, దాదాపు 15 నెలలు క్లౌ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. అన్నం పెట్టడానికి మతం షరతు కాలేదు. సహాయం తగ్గిన తరువాత కూడా జనం వస్తూనే ఉన్నారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ రోజు నదిలో దిగి బాప్తిస్మం ఇచ్చింది ఆరుగురు తెలుగు బోధకులు. ఇంత పెద్ద మార్పు ఎంతవరకు నమ్మకం వల్ల, ఎంతవరకు ఆకలి వల్ల అని అప్పుడూ అడిగారు, ఇప్పుడూ అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే. అయితే ఆ జనం కోరుకున్న దానిలో ఆత్మగౌరవం కూడా ఉందని మరువకూడదు.

క్లౌ ఆ తరువాత కూడా ఏళ్ళ తరబడి ఒంగోలులోనే పనిచేశారు. పల్లెల్లో బడులు వెలిశాయి, ఒంగోలులో హైస్కూలు వచ్చింది. చెప్పులు కుట్టేవారి పిల్లలు పలక పట్టి, తరువాతి తరాల్లో టీచర్లూ, నర్సులూ అయ్యారు. 1910 నవంబర్ 24న అమెరికాలోని రోచెస్టర్‌లో ఆయన కన్నుమూశారు. ఒంగోలులో ఆయన పేరున ఆసుపత్రి వెలిసింది.

ఇలాంటి కథ కువైట్‌లోనూ ఉంది. గల్ఫ్ రోడ్డు మీద మనం చూసే అమెరికానీ సాంస్కృతిక కేంద్రం ఒకప్పటి అమెరికన్ మిషన్ ఆసుపత్రి. చమురు సంపద రాకముందే అక్కడ రోగులకు వైద్యం అందింది. 1967లో అది మూతపడినా కట్టడం నిలిచి ఉంది.

కాలువ సంగతి కూడా చెప్పాలి. చాలాచోట్ల పూడిపోయింది, పడవలు ఆగిపోయాయి. అయినా 2004 డిసెంబర్ 26న సునామీ వచ్చినప్పుడు, కొన్నిచోట్ల సముద్రపు నీటిని తనలోకి తీసుకుని ఊళ్ళకు నష్టం తగ్గించిందని శాస్త్రవేత్తలు రాశారు. 2008లో దీన్ని 4వ జాతీయ జలమార్గంలో చేర్చారు. ఆకలితో ఉన్నవారు కూలికి తవ్విన మట్టి, నూట పాతికేళ్ళ తరువాత ఎవరి ప్రాణాలకో అడ్డు నిలిచింది!

పిల్లలూ, ఈసారి సెలవులకు వెళ్ళినప్పుడు తాతయ్యనూ, అమ్మమ్మనూ ధాత కరువు గురించి అడగండి. వీలైతే ఆ కాలువ గట్టు మీద కాసేపు నడవండి. తవ్వినవారి పేర్లు ఏ శిలాఫలకం మీదా కనబడవు. వారిని కూడా తలుచుకోండి.